తిప్ప మీద ఎవరూ పలకలేదు

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, జీతమిచ్చే ఆఫీసువాళ్ళు తప్ప దాన్ని ఎవరూ వాడరు. రిజర్వాయరు చుట్టుపక్కల వాళ్ళందరికీ ఆమె గట్టక్క. పొద్దస్తమానం గట్టు మీదే తిరుగుతుంది కాబట్టి ఆ పేరొచ్చింది. గొంతు కూడా అలాంటిదే. ఆమె ఒక్క కేక వేస్తే అవతలి ఒడ్డున మేస్తున్న మేకలు కూడా తలెత్తి చూస్తాయి.

రిజర్వాయరులో నీళ్ళు తగ్గినప్పుడు చుట్టూ బోలెడంత నేల బయటపడుతుంది. ప్రభుత్వానిది. ప్రభుత్వానిదంటే ఎవరిదీ కాదని కొందరి లెక్క, అందరిదీ అని కొందరి లెక్క, తమదేనని మిగతావాళ్ళ లెక్క. ఈ మూడు రకాల వాళ్ళతోనూ రోజంతా నెత్తీ నోరూ కొట్టుకోవడమే గట్టక్క ఉద్యోగం. గడ్డి కోసుకోవడానికి ఇంటికో చెక్క నేల చొప్పున తాడు పట్టి కొలిచి ఇస్తుంది. ఎండుకట్టెలు ఏరుకుంటే ఏమీ అనదు, పచ్చికొమ్మ విరిస్తే ఊరుకోదు. కొత్తగా మొక్కలు నాటిన వైపు మేక కనబడితే ముందు మేకను తిట్టి, తర్వాత మేక యజమానిని తిడుతుంది. ఇక రెల్లు పెరిగే మూల ఉంది చూశారూ, అక్కడ కొడవలి పెట్టడానికి వీల్లేదు. ఆ వేళ్ళే ఒడ్డును పట్టి ఉంచుతాయి, చేపలు గుడ్లు పెట్టేదీ అక్కడే.

ఇంతా చేసి, ఉద్యోగం రాకముందు ఆవిడ చేసిన పనేమిటనుకున్నారు? పచ్చికొమ్మలు కొట్టి మోపులు కట్టడం! పాత కాపలావాడి కన్నుగప్పడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. అప్పట్లో ఉన్న పెద్ద సారు ఆమెను పట్టుకుని, కాసేపు మాట్లాడి, మర్నాడే పనిలో పెట్టుకున్నాడు. "దొంగ చేతికే తాళాలు ఇచ్చాడమ్మా మహానుభావుడు" అని ఆమే చెప్పుకుని నవ్వేది.

అయితే ఈ తిట్లూ తాడు కొలతలూ ఒక ఎత్తు, తిప్ప కాపలా ఒక ఎత్తు. రిజర్వాయరు ఎగువ కొసన, ఒడ్డుకు కొంచెం దూరంలో, ఒక మెట్ట తిప్ప ఉంది. ఎండలు ముదిరితే ఒడ్డుకూ తిప్పకూ మధ్య పాత వాగు జాడ ఒక్కటే మిగులుతుంది. చీలమండ కూడా తడవకుండా దాటిపోవచ్చు. చుట్టూ అంతా ఎండిపోయినా తిప్ప మీద మాత్రం గడ్డి నడుమెత్తున పచ్చగా ఉంటుంది. ఎగువన ఉన్న పై డ్యాం వాళ్ళు కింద పొలాల కోసం గేటు ఎత్తితే నీళ్ళు ముందుగా వచ్చి పడేది కూడా ఆ వాగు జాడలోకే. తిప్ప మునగదు, దాటే దారే మునుగుతుంది. ఒక ఏడాది గొర్రెలు కాసే ఒకాయన, ఆఁ ఈ మాత్రం నీళ్ళేం చేస్తాయిలే అని దిగాడు. గొర్రెలన్నీ తిప్ప మీద క్షేమంగా మిగిలాయి. ఆయనే లేడు.

అప్పుడు పెట్టుకున్న కట్టుబాటు ఇది. వాగు జాడ పక్కన ఒడ్డున ఒక గుంజ పాతారు. తిప్ప మీదికి వెళ్ళేవాళ్ళు తలగుడ్డో తువ్వాలో దానికి కట్టి వెళ్ళాలి, తిరిగొచ్చాక విప్పుకోవాలి. గేటు ఎత్తే రోజున గట్టక్క వచ్చి గుంజ చూస్తుంది. ఆపైన తిప్ప వైపు తిరిగి కేక వేస్తుంది. ఉన్నవాళ్ళు పలకాలి. ఎవరూ పలకకపోతే ఆమె పై డ్యాముకు ఫోను చేసి, "ఎవరూ లేరు, వదలండి" అంటుంది. ఆమె నోటి నుంచి ఆ మాట వస్తేగానీ అక్కడ గేటు లేవదు. ఆ పద్ధతి పెట్టాక ఒక్క ప్రాణం పోలేదు. ఆ సంగతి తలుచుకుని ఆమె లోలోపల పొంగిపోయేది కూడా.

ఇప్పుడు గట్టక్క తోడికోడలి సంగతి చెప్పాలి. వాళ్ళ మొగుళ్ళు, అన్నదమ్ములిద్దరూ, లారీల మీద తిరిగే మనుషులు, నెలలో సగం రోజులు ఇంటి పట్టున ఉండరు. ఇంట్లో ఉండేది అత్తగారు, ఇద్దరు కోడళ్ళు. నడిమి గోడ లేచి పొయ్యిలు రెండయ్యాయి గానీ, ఆ గోడకు ఇవతల ఉడికింది అవతలికి వెళ్ళని రోజు లేదు. చిన్నకోడలు కాపురానికి వచ్చిన కొత్తలో బిక్కముఖం వేసుకుని కూర్చుంటే జడవేసి, బుజ్జగించి, పక్కన పడుకోబెట్టుకున్నది గట్టక్కే. నెమ్మదైన పిల్లే. కాకపోతే పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. పిల్లలు లేరు ఆమెకు. ఉన్న ప్రేమంతా ఒక గేదె మీద పెట్టుకుంది. ఆ గేదె మొదటిసారి చూలు కట్టింది. ఎండుగడ్డి వేస్తే మూతి తిప్పుకుంటోంది.

ఒకరోజు గట్టక్క రెల్లు మూలకు వచ్చేసరికి, లోపల ఎవరో వంగి కోస్తున్న వీపు కనబడింది. ఒక్క దూకు దూకి కొడవలి గుంజుకుంది. తీరా ముఖం చూస్తే తోడికోడలు! ఒడ్డున గడ్డి కోసే ఆడవాళ్ళంతా చేతులు ఆపి చూస్తున్నారు. వదిలేస్తే కంచే చేను మేసిందంటారు. కొడవలి తీసుకోవడంతో ఆగి ఉంటే సరిపోయేది. కానీ అన్ని కళ్ళు తన మీద ఉండేసరికి గట్టక్కకు బెదురు పుట్టింది. బెదురు పుట్టినప్పుడు ఆమె నోరు మరీ పెద్దదవుతుంది.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను, చూస్కోండి!" అంది అందరికీ వినబడేలా.

అందరూ గొల్లుమన్నారు. చిన్నకోడలు కోసిన కట్ట అక్కడే పడేసి వెళ్ళిపోయింది.

ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. చిన్నకోడలు చెప్పదలచుకున్నది అత్తగారితోనో గేదెతోనో చెప్పేది. "అత్తయ్యా, ఆ అధికారి గారి బకెట్టు పంపు కింద పొర్లిపోతోంది, చూసుకోమనండి" అనేది, గట్టక్క అక్కడే నిలబడి ఉండగానే. "మీ ఇద్దరి మధ్యా తపాలా మోయడం నా వల్ల కాదర్రా, నా మోకాళ్ళు అరిగిపోయాయి" అని ముసలావిడ మొత్తుకునేది. గట్టక్కకు లోపల గుచ్చుకుంటూనే ఉంది. తప్పు నాదేనని చెప్పేస్తే పోతుందిగా అనుకునేది. తీరా ఎదురుపడేసరికి, నేను నా డ్యూటీ చేశాను, నేనెందుకు తగ్గాలి అని ముఖం తిప్పుకునేది. పెద్దరికం ఉన్న చోట పంతం ఉండకూడదంటారు గానీ, అసలు ఎక్కువ ఉండేది అక్కడే.

గేటు ఎత్తే రోజు వచ్చింది. కింద పొలాలు నెర్రెలిచ్చి ఉన్నాయి. పొద్దుటి నుంచీ అందరికీ అదే ధ్యాస. గట్టక్క గుంజ దగ్గరికి వెళ్ళింది. గుడ్డ లేదు. దోసిలి నోటికి అడ్డం పెట్టుకుని తిప్ప వైపు అరిచింది.

"ఎవరైనా ఉన్నారా? నీళ్ళొస్తున్నాయ్! పలకండి!"

గడ్డి గాలికి ఊగింది తప్ప ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ అరిచింది, ఇంకోసారి కూడా అరిచింది. తర్వాత ఫోను తీసి పైగేటు తమ్ముడికి చేసింది. పై డ్యాం మీద గేటు తిప్పే కుర్రాడతను. మనిషిని చూసింది తక్కువ, గొంతుతోనే చుట్టరికం.

"ఎవరూ లేరు తమ్ముడూ, వదిలెయ్."

"సరే అక్కా" అన్నాడతను.

అక్కడి నుంచి ఆమె మొక్కల వైపు వెళ్ళి, ఎవరిదో మేకను తరిమి, దాని తాలూకు మనిషితో కాసేపు వాదించి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చింది. కాళ్ళు కడుక్కుంటుంటే గేదె ఒకటే అరుపు. తొట్టి ఖాళీగా ఉంది.

"ఏమిటిది అత్తయ్యా, దీనికి మేత వెయ్యలేదా?"

"చిన్నది మేత తెస్తానని పొద్దున్నే పోయిందమ్మా, ఇంకా రాలా."

"ఎక్కడికి పోయింది?"

ముసలావిడ చేటలో చూపు పెట్టి నసిగింది. "నీకు చెప్పొద్దంది."

"అత్తయ్యా!"

"తిప్ప మీదికే. అక్కడ నీ తాడూ కొలతా ఉండవుగా. నిన్నడగాల్సిన పనిలేదని వెళ్ళింది."

గట్టక్క చెంబు పక్కన పడేసింది. "గుంజకి గుడ్డ లేదే! గుడ్డ ఎందుకు కట్టలేదు?"

"ఏమో తల్లీ. ఆవిడ గుంజకి నేను గుడ్డ కట్టడమేమిటి, ఇదేమన్నా ఆవిడకి పెట్టుకునే అర్జీనా, అంది మొన్న."

పై ప్రాణాలు పైనే పోయాయి గట్టక్కకు. గుడ్డ కట్టలేదు సరే, మరి కేక? తను అంత గొంతు పెట్టి అరిచిందే, దానికి వినబడి ఉండదా? వినబడే ఉంటుంది. పలికితే మాట్లాడినట్టవుతుందని ఊరుకుని ఉంటుంది! అయ్యో, ఎంత పనైపోయింది అనుకుంటూ చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది. పరుగెత్తుతూనే ఫోను చేసింది.

"తమ్ముడూ, ఆపు! గేటు దించు!"

"ఏమైందక్కా? సారుకి ఏమని చెప్పను? కింద రైతులు నన్ను తినేస్తారు."

"తిప్ప మీద మనిషుంది."

"ఎవరూ లేరన్నావుగా పొద్దున. నువ్వు కళ్ళతో చూశావా ఇప్పుడు?"

చూడలేదు. చూడలేదంటే అతను గేటు దించడు. చూశానంటే పొద్దుటి మాట అబద్ధమవుతుంది, ఉద్యోగం ఊడినా ఊడుతుంది. ఇంతకాలం ఆమెకున్న పరువంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. అయినా ఆలోచించడానికి అట్టే సేపు పట్టలేదు.

"పొద్దున నేను చెప్పింది తప్పు. సారుకి అదే చెప్పు. నా తోడికోడలు ఉంది అక్కడ. దించు నాయనా, నీకు దణ్ణం పెడతాను."

"దించుతున్నా. కానీ వదిలిన నీళ్ళు వదిలినట్టే అక్కా. అవి నా చేతిలో లేవు" అన్నాడు.

ఆమె వెళ్ళేసరికి వాగు జాడ వాగైపోయింది. ఎర్రటి నీళ్ళు, నురగ కక్కుకుంటూ. లోతు నడుము దాకానో, ఇంకా పైకో తెలియడం లేదు. గుంజ సగానికి మునిగింది. దానికి ఒక గడ్డిమోపు అడ్డం పడి కొట్టుకుంటోంది. పచ్చటి, తాజా మోపు. చుట్టూ చుట్టి బిగించిన తాడు తమ ఇంటిది. గేదె పాత పలుపు తాడు అది.

ఆ మోపును చూసి ఆమె బురదలో చతికిలపడింది. మళ్ళీ లేచింది. ఒడ్డున గడ్డి కోసుకుంటున్న ఆడవాళ్ళు ఆమె పరుగు చూసి ఒక్కొక్కరే వచ్చి చేరారు. ఒకామె పుట్టి కోసం చేపలు పట్టే తాత దగ్గరికి పరుగు తీసింది. ఆ గుండ్రటి బుట్టపడవ దిగువ రేవులో ఉంటుంది, తీసుకురావాలంటే సమయం పడుతుంది.

"ఒసేయ్! ఉన్నావా?" అని అరిచింది గట్టక్క.

జవాబు లేదు.

"నేనే! ఉంటే పలకవే!"

జవాబు లేదు. ఏమనుకోవాలి? పొద్దున కూడా ఇలాగే పలకలేదు. అప్పుడు మనిషి ఉంది. ఇప్పుడుందా? మొండితనం వల్ల పలకడం లేదా, పలకడానికి మనిషే లేదా? ఇవతలికి రెండూ ఒకేలా ఉంటాయి. గడ్డి అంత ఎత్తున ఉందాయె, అవతలి వాలులో ఎవరున్నా ఇటు నుంచి కనబడరు. ఆమె కాలు గాలిన పిల్లిలా ఆ ఒడ్డున అటూ ఇటూ తిరిగింది. నీళ్ళలోకి దిగబోతే ఆడవాళ్ళు రెక్క పట్టుకుని వెనక్కి లాగారు.

చిన్నకోడలిని కచ్చితంగా పలికించే మాట ఒకటుంది. గేదె ఈనుతోందనో, దూడ అడ్డం తిరిగిందనో అరిస్తే చాలు. ఎక్కడున్నా, ఎంత పంతంలో ఉన్నా, ఆ మాటకు పలికి తీరుతుంది. గట్టక్క నోరు తెరిచింది. అంతలోనే ఆగిపోయింది. పలకడంతో ఊరుకుంటుందా అది? వెనకా ముందూ చూడకుండా ఈ నీళ్ళలో దూకుతుంది. మొండివాడు రాజు కంటే బలవంతుడు గానీ, నీళ్ళ కంటే కాదుగా.

పక్కనున్న ఒకామెకు కూడా అదే తోచినట్టుంది. "వదినా, గేదెకి నొప్పులొస్తున్నాయని చెప్పు, ఎందుకు పలకదో చూద్దాం" అంటూ తనే నోటికి చేతులు పెట్టుకోబోయింది. గట్టక్క ఆమె చేతులు పట్టుకుని ఒక్క కసురు కసిరింది.

"దాని మాటెత్తితే చంపుతాను!"

తర్వాత వాగు వైపు తిరిగింది. గొంతు అప్పటికే బొంగురుపోయింది. అయినా అరిచింది.

"ఇదిగో! ఆ రోజు రెల్లులో నేను నిన్ను దొంగ అన్నాను! కొడవలి తీసుకోవడం నా పని. ఆ మాట అనడం నా పని కాదు! నలుగురూ చూస్తుంటే గొప్పకి పోయి అన్నాను! తప్పు నాదే! వింటున్నావా? ఆ దిక్కుమాలిన నీళ్ళలో దిగకు, ఉన్నచోటే ఉండు! కావాలంటే జన్మలో నాతో మాట్లాడకు! ఒక్కసారి కుయ్ మను, అంతే!"

గట్టక్క ఏడుస్తోంది. ఆమె ఏడవడం అక్కడ ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

తిప్ప మీద గడ్డి కదిలింది. గాలికి కదిలినట్టు కాదు. దాని మధ్యలోంచి ఒక గొంతు, సన్నగా, వణుకుతూ వచ్చింది.

"ఏమన్నావ్? సరిగ్గా వినపడలా! మళ్ళీ చెప్పు!"

ఆడవాళ్ళలో ఒకరిద్దరు నవ్వేశారు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. గట్టక్క మాత్రం నవ్వలేదు. అంతా మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది. మూడోసారి చెప్పమంటే మూడోసారీ చెప్పేదే.

తాత పుట్టిని మెల్లగా తెడ్డు వేసుకుంటూ తీసుకెళ్ళి చిన్నకోడలిని ఎక్కించుకొచ్చాడు. దిగిన మనిషి గుండెల దాకా తడిసి ఉంది. ఒక మోకాలు చెక్కుకుపోయి నెత్తురు కారుతోంది. గట్టక్క ముందు ఆమె చెంప మీద ఒకటి వేసింది, తర్వాత గట్టిగా కావలించుకుని చాలాసేపు వదల్లేదు.

"దిగావా?" అని అడిగింది.

"దిగాను. మోపు నెత్తిన పెట్టుకుని సగం దాకా వచ్చాను. కాలు తేలిపోయింది. మోపు వదిలేస్తే గానీ వెనక్కి పడలేకపోయాను. పొద్దున నీ కేక వినపడిందక్కా. ఆవిడకి నేనెందుకు పలకాలి అనుకున్నా. నీళ్ళింత తొందరగా వస్తాయనుకోలా. ఇందాక పిలిచినప్పుడు నోరు పెగల్లేదు, ఒణుకు."

ఇద్దరూ బురదలోనే కూర్చున్నారు. కొంచెం సేపాగి చిన్నకోడలే మళ్ళీ అంది.

"మోపు పోయినా ఇంకోసారి దిగుదామనే గడ్డిలో నిలబడి చూస్తున్నా. గేదె పొద్దుటి నుంచీ పస్తు. అంతసేపు అరిచావు గానీ, దాని మాట ఒక్కటీ ఎత్తలేదేం? ఎత్తి ఉంటే దూకేసేదాన్ని."

"తెలుసు" అంది గట్టక్క.

చిన్నకోడలు తల వంచుకుని ఆమె మోకాలి మీద నుదురు ఆనించింది.

ఫోను మోగింది. పైగేటు తమ్ముడు. "మనిషి దొరికిందా అక్కా? హమ్మయ్య. సారు రేపు నిన్ను ఆఫీసుకి రమ్మన్నారు, సంజాయిషీ కాగితం రాసివ్వాలట. అది సరే, కింద రైతులు గోల పెడుతున్నారు. మళ్ళీ వదలమంటావా?"

"ఉండు" అందామె.

"ఇంకెవరూ లేరక్కా అక్కడ. పొద్దుటి నుంచీ నేనొక్కదాన్నే ఉన్నా, నాకు తెలియదా?" అంది చిన్నకోడలు. ఆడవాళ్ళు కూడా అవునన్నారు. అందరూ ఇక్కడే ఉన్నారు, ఏ ఇంట్లోనూ కనబడకుండా పోయినవాళ్ళు లేరు.

గట్టక్క ఎవరి మాటా వినలేదు. పుట్టి ఎక్కి, తాతను నడపమని, తిప్ప మీదికి వెళ్ళింది. గడ్డిని రెండు చేతులా పాయలు తీసుకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. అవతలి వాలు దిగి చూసింది. ఒక చోట గడ్డి నలిగి, పక్కన కొడవలి పడి ఉంది. మనిషి అన్న జాడ ఇంకెక్కడా లేదు. ఉన్నారా అని పిలిచి, ఆగి, మళ్ళీ పిలిచింది. తిరిగొచ్చి పుట్టిలో కూర్చుంది. తాత తెడ్డు చేతిలో పట్టుకుని ఆమె వైపే చూస్తున్నాడు. తిప్ప మీద ఎవరూ లేరు. కళ్ళారా చూసింది. అయినా ఫోను చేత్తో పట్టుకుని, "ఎవరూ లేరు, వదిలెయ్" అన్న మాట నోటి దాకా వచ్చి కూడా బయటికి రాక, ఆమె చాలాసేపు అలాగే కూర్చుండిపోయింది.